ఆరు గంటలకు నాలుగు గేట్లు

జహీరాబాద్,
ఆగస్టు చివరి వారం.

మానసా,

నువ్వు రోజూ ఫోన్ చేస్తున్నావని మీ అమ్మ చెప్పి పంపింది. నా ఫోన్ ఆపేసి పెట్టె అడుగున పడేశాను. మోగితే తీసి చూడలేకపోతున్నాను. అందుకే ఈ ఉత్తరం. నువ్వు కూడా ఉత్తరమే రాయి. ఉత్తరమైతే ఎదుటి మనిషి వింటుండగా ఏడవక్కర్లేదు.

సురేశ్ పోయాడు. ఆ మాట నీకు ఎలాగూ తెలుసు. ప్రాజెక్టు గేట్లు ఎత్తిన సాయంత్రం మా వాగులో పోయాడు. అవతలి ఒడ్డున ఉన్న పొలం మోటరు తెచ్చుకుందామని దిగాడు. పైనుంచి నీళ్లు వచ్చి పడ్డాయి. మరునాడు కింది వంతెన దగ్గర దొరికాడు. ఒంటి మీద చొక్కా లేదు. చేతికి మా పెళ్లినాటి ఉంగరం ఉంది.

మీ అమ్మ నీకు చెప్పి ఉండనిది ఒకటుంది. అతను నా వల్లే పోయాడని ఊళ్లో అంటున్నారు. గేట్లు ఎత్తుతారని ముందే మెసేజ్ వచ్చింది. దాన్ని చదివి అతనికి చెప్పింది నేను. ఆరు గంటలకు ఎత్తుతారని చెప్పాను. నాలుగింటికే ఎత్తారు. మెసేజ్‌లో నాలుగు గంటలనే ఉందని ఆఫీసర్లు అంటున్నారు. వాళ్ల కంప్యూటర్‌లో ఉన్న కాపీని పంచాయతీ దగ్గర అందరి ముందూ చదివి వినిపించారు. సురేశ్ ఫోన్ అతనితోపాటే పోయింది. నేను చదివింది నేను మళ్లీ చూసుకునే వీలు లేదు.

తెలుగు టీచర్నే కదా నేను. పిల్లలు అక్షరం తప్పు చదివితే పది మందిలో నిలబెట్టి మళ్లీ చదివిస్తాను. మా అత్త అందరి ముందూ ఒక మాట అంది. “సదువురానిదయితే వాడు ఇంకెవర్నన్న అడిగెటోడు. సదువుకున్నది చెప్పిందని నమ్మిండు.” 

మొగుడంపల్లి పక్కన ఆ ఊళ్లో ఇక ఉండలేక ఇక్కడికి వచ్చేశాను. మా స్కూల్లో ఉర్దూ చెప్పే షబ్నం వాళ్ల ఇంటి వెనక గది ఇచ్చింది. పిల్లలు లేకపోవడం ఒకందుకు మంచిదయిందని బస్‌స్టాండులో ఒకావిడ అంది. ఓదార్చాలనే అనుంటుంది.

నువ్వు రావద్దు. నిన్ను చూస్తే సురేశ్ మనిద్దరికీ మిర్చి బజ్జీలు కొనిచ్చిన రోజులన్నీ గుర్తొస్తాయి. ఇప్పుడు తట్టుకోలేను.

శ్యామల


పుణె,
సెప్టెంబర్ మొదటి వారం.

శ్యామీ,

నీ ఉత్తరం ఆఫీసు మెట్ల మీద నిలబడే చదివాను. లోపలికి వెళ్లి ఏం పని చేశానో గుర్తులేదు.

రావద్దన్నావు కాబట్టి రావడం లేదు. కానీ టికెట్ తీసుకున్నాను, తేదీ మార్పించుకుంటూ దగ్గరే ఉంచుకుంటాను. నువ్వు ఎప్పుడు రమ్మంటే అప్పుడు బయల్దేరతాను.

సురేశ్ గురించి రాయడానికి ఎన్నో కాగితాలు చించేశాను. మీ పెళ్లిలో నన్ను పట్టుకుని, “మానసక్కా, ఇగ నీ దోస్తు నా బాధ్యత, నువ్వు ఫికర్ చేయకు” అన్నాడు. వయసులో నాకంటే పెద్దవాడు, అయినా అక్కా అనేవాడు. నేను ఫికర్ చేయలేదు. నిజంగానే నీ గురించి ఫికర్ మానేశాను.

ఒక్క సంగతి అడుగుతాను. నొప్పి పెట్టే సంగతే. ఆ మెసేజ్‌లోని వాక్యం నీకు ఎలా గుర్తుందో అలా రాసి పంపు. సరిదిద్దవద్దు. ఆఫీసర్లు చెప్పినదానితో పోల్చుకుని మార్చవద్దు. వాళ్లు చదివిన కాపీలో ఏముందో అది వేరే రాయి. ఎందుకని ఇప్పుడు అడగకు. నాకొక అనుమానం ఉంది. అది నిజమో కాదో తెలియకుండా నీకు ఆశ పెట్టడం పాపం.

అన్నం తింటున్నావా? షబ్నంకు నా సలాం చెప్పు. ఆమె ఎవరో నాకు తెలియదు, కానీ ఈ పూట నాకంటే ఆమే నీకు దగ్గర.

మానస


జహీరాబాద్,
సెప్టెంబర్.

మానసా,

నువ్వు అడిగింది రాయడానికి చాలా రోజులు పట్టింది. ప్రతిసారీ మొదలుపెట్టి ఆపేశాను.

ఆ రోజు బడికి సెలవు ఇచ్చారు. వాన రెండు రోజులుగా పట్టి ఉంది. సురేశ్ వాకిట్లో బండి చైన్ బిగిస్తున్నాడు. చేతులనిండా గ్రీజు. అరుగు మీద ఉన్న ఫోన్ మోగింది.

“ఏమొచ్చిందో జర చూడు,” అన్నాడు.

చదివాను. “సాయంత్రం ఆరు గంటలకు నాలుగు గేట్లు ఎత్తుతారట. వాగులోకి ఎవరూ దిగొద్దట.”

“ఇప్పుడు ఎంతయింది?”

“మూడు దాటింది.”

“అయితే మస్తు టైముంది. మోటరు గుంజుకొచ్చి ఇవతలి ఒడ్డు మీద పెట్టి వస్త. లేకుంటే పోయినేడు పోయినట్టే పోతది.”

“వానలో ఎందుకు? పోతే పోనీ.”

“గంటల వస్త. నువ్వే చెప్పినవ్ గద ఆరింటికని.” గ్రీజు చేతులు గుడ్డతో తుడుచుకుని, ఫోన్‌ను కవర్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. గేటు దాకా పోయి వెనక్కి తిరిగి, “ఛాయ్ ఇప్పుడే పెట్టకు, చల్లారుతది,” అన్నాడు. అంతే.

సరిగ్గా నాకు గుర్తున్న వాక్యం ఇది: సాయంత్రం 6 గంటలకు 4 గేట్లు ఎత్తుతారు. వాగులోకి దిగవద్దు.

ఆఫీసర్లు చదివిన కాపీ ఇంగ్లీషులో ఉంది. ఆరు గేట్లు, సాయంత్రం నాలుగు గంటలకు ఎత్తుతారని దాని అర్థం. అంటే అంకెలు రెండూ నేను చూసినవే. ఆరు ఉంది, నాలుగు ఉంది. వాటిని నేనే తారుమారు చేశాను. మొదట్లో నేను సరిగ్గానే చదివానని మొండికేశాను. ఇప్పుడు ఆ నమ్మకం పోయింది. కళ్లు మూసుకుంటే ఒకసారి ఆరు ముందు కనిపిస్తుంది, ఒకసారి నాలుగు ముందు కనిపిస్తుంది. నిన్న బళ్లో నల్లబల్ల మీద పాఠం పేరు రాసి, సరిగ్గా రాశానా అని పిల్లల్నే అడిగాను.

ఇంకోటి కూడా చెప్పాలి. ఆ మెసేజ్‌లు మొదట ఇంగ్లీషులో వచ్చేవి. ఈ వానాకాలం నుంచే తెలుగులో కూడా పంపుతామన్నారు, కావాలన్నవాళ్లకు. మా వాడలో ఎవరూ పట్టించుకోలేదు. నేనే పట్టుబట్టి సురేశ్ నంబరుకు తెలుగు పెట్టించాను. మన భాష ఉండగా ఇంకోటి ఎందుకని పెద్ద మాటలు చెప్పాను.

శ్యామల


పుణె,
సెప్టెంబర్ మూడో వారం.

శ్యామీ,

నువ్వు తప్పు చదవలేదు.

కింది సంగతంతా చదవలేకపోయినా పరవాలేదు, పై వాక్యం ఒక్కటి చదువుకో. నువ్వు తప్పు చదవలేదు. తెరమీద 6 గంటలు, 4 గేట్లు అనే ఉంది. ఇంగ్లీషు కాపీలో 6 గేట్లు, 4 గంటలు అని ఉంది. రెండూ నిజం.

నా ఉద్యోగం ఏమిటని నువ్వు ఎప్పుడడిగినా ‘ఏదో కంప్యూటర్ పనిలే’ అని తప్పించుకునేదాన్ని. ఇవాళ చెప్పక తప్పదు. మనుషులు సి అనే భాషలో ప్రోగ్రాములు రాస్తారు. వాటిని యంత్రానికి పనికొచ్చేలా మార్చేదాన్ని కంపైలర్ అంటారు. మార్చే ముందు అది ప్రోగ్రాముని చదివి తప్పులు పట్టుకుంటుంది. అందులో ఒక చిన్న భాగం మీద నేను పనిచేస్తున్నాను. ప్రోగ్రాముల్లో ఉండే ఖాళీల వాక్యాలను తనిఖీ చేసే భాగం అది.

ఖాళీల వాక్యమంటే నువ్వు పిల్లలకు ఇచ్చే ‘ఖాళీలను పూరించండి’ లాంటిదే. ఏ రోజు ఎన్ని గేట్లు ఎత్తుతారో, ఎన్నింటికి ఎత్తుతారో ముందే తెలియదు కదా. అందుకని ఆ చోట్ల ఖాళీ వదులుతారు. అంకె రావలసిన ఖాళీకి సి భాషలో గుర్తు %d. పేరులాంటి మాట రావాలంటే %s. వాక్యం రాశాక, ఆ ఖాళీల్లో పడవలసినవి వరసగా ఇస్తారు. మొదట ఇచ్చింది మొదటి ఖాళీలో పడుతుంది. రెండోది రెండో దాంట్లో పడుతుంది. యంత్రానికి వరస తప్ప ఇంకేమీ తెలియదు.

ఇంగ్లీషులో ఆ వాక్యం ఎలా రాస్తారో ఊహించుకో. ముందు ఎన్ని గేట్లో చెబుతారు, చివర ఎన్నింటికో చెబుతారు. కాబట్టి ప్రోగ్రాము రాసినవాడు అదే వరసలో ఇచ్చాడు. ముందు గేట్లు, తర్వాత గంట. ఆ వాక్యాన్ని ఎవరో తెలుగు చేశారు. మన తెలుగులో ఎలా అంటాం? ‘సాయంత్రం %d గంటలకు %d గేట్లు ఎత్తుతారు.’ గంట ముందుకొచ్చింది, గేట్లు వెనక్కి పోయాయి. వాక్యం తిరిగింది, అంకెల వరస మాత్రం తిరగలేదు. ఆరు గేట్లలోని ఆరు వెళ్లి గంట దగ్గర కూర్చుంది.

అది చక్కటి తెలుగు, శ్యామీ. నువ్వు తెలుగు చేసినా అలాగే రాసేదానివి.

నువ్వు రాసి పంపిన వాక్యం చూడగానే నా అనుమానం నిజమని తెలిసింది. ఇక ఒక్కటే కావాలి. ఆ మెసేజ్ తెలుగులో ఇంకెవరికైనా వచ్చిందా? ఒక్క ఫోన్‌లో దొరికినా చాలు.

మానస


జహీరాబాద్,
సెప్టెంబర్ చివర.

మానసా,

నువ్వు నా స్నేహితురాలివి కాబట్టి నన్నెలాగైనా ఒడ్డున వేయాలని చూస్తున్నావు. నాకు అర్థమైంది. కానీ ఖాళీలూ గుర్తులూ అంటూ ఇదంతా నాకు వద్దు. మీ యంత్రాల్లో ఏం తిరిగిందో ఏం తిరగలేదో నాకు తెలియదు. నా నోటితో నేను ‘ఆరు’ అన్నాను. అది విని అతను వెళ్లాడు. అది మాత్రం తిరగదు.

మెసేజ్ తెలుగులో ఇంకెవరికీ రాలేదు. అడిగి చూశాను. కొన్నాళ్లు రాయకు.

శ్యామల


జహీరాబాద్,
అక్టోబర్.

మానసా,

రాయకు అన్నదాన్ని మళ్లీ నేనే రాస్తున్నాను. 

ఈ వానాకాలం మొదట్లో నంబర్లు రాసుకోవడానికి వచ్చిన మనిషి ముందు నేను ఇద్దరివి రాయించాను. సురేశ్‌ది ఒకటి. మా పక్కింటి మహాదేవప్పది ఇంకొకటి. ఆ రెండోది ఎలా మరిచిపోయానో నాకే తెలియదు. ఆయనది బీదర్ వైపు. కన్నడం తప్ప ఇంకో అక్షరం చదవలేడు. ‘కన్నడం ఉందా’ అని అడిగాడు. లేదన్నారు. ‘అయితే ఏదో ఒకటి పెట్టు తాయి’ అన్నాడు. తాయి అంటే వాళ్ల భాషలో అమ్మ. నేను తెలుగు అని రాయించాను. నిన్న పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతుంటే ఉన్నట్టుండి గుర్తొచ్చింది. పేపర్లు అలాగే వదిలేసి బస్సెక్కాను.

ఊళ్లో దిగగానే అందరి కళ్లూ నా మీదే. మహాదేవప్ప ఎద్దుకు దాణా పెడుతున్నాడు.

“మామా, నీ ఫోన్ ఒకసారి చూపిస్తావా?”

“చూడు తాయి. నాకు ఆ అక్షరాలు రావు. మోగితే ఎవరి కాల్ అని చూస్త, కాకుంటే పక్కకు పెడత. ఒక్కటి కూడా తీసెయ్యలే. తీసేసుడు నాకు రాదు.”

మెట్టు మీద కూర్చుని కిందికి వెతుక్కుంటూ పోయాను. బ్యాంకువీ, లోను ఇస్తామన్నవీ, ఏవేవో వచ్చాయి. ఆగస్టులో ఆ రోజు మెసేజ్ దగ్గరకు వచ్చేసరికి చూడలేక ఫోన్ ఆయనకే ఇచ్చేశాను. “మామా, ఇందులో అంకెలైతే నీకు వస్తాయి కదా. ముందు ఏ అంకె ఉందో చెప్పు.”

ఆయన ఫోన్ దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు. “ఆరు,” అన్నాడు. “ముందు ఆరు. తర్వాత నాలుగు.”

మానసా, నేను అక్కడే మెట్టు మీద నోట్లో కొంగు కుక్కుకుని కూర్చున్నాను. ఆయన భయపడి మా అత్త నారమ్మను పిలిచాడు. ఆమె వచ్చి గోడ పక్కన నిలబడింది. లోపలికి రాలేదు. మహాదేవప్పే ఆమెకు చెప్పాడు. “నారమ్మా, ఈ పిల్ల సరిగ్గనే సదివింది. ఇగో, ఫోన్‌ల ఆరే ఉంది. నాకు అక్షరం రాకున్న అంకె వస్తది.” మా అత్త ఫోన్ చేతిలోకి తీసుకోలేదు. కాసేపు నన్ను చూసి వెళ్లిపోయింది.

మహాదేవప్ప ఫోన్ నాతో ఇచ్చి పంపాడు. ఇక్కడికి వచ్చాక షబ్నం ఆ మెసేజ్‌ను ఫోటో తీసి నీ నంబరుకు పంపింది. నువ్వు చూసే ఉంటావు.

ఇప్పుడు నాకు కోపంగా ఉంది. బతికి ఉన్నట్టు తెలుస్తోంది. నువ్వు ఒక సంగతి రాశావు. ఇలాంటి వాక్యాలను తనిఖీ చేయడమే నీ పని అన్నావు. అలాంటప్పుడు మీ కంపైలర్ ఆ ప్రోగ్రాము చదివినప్పుడు అరిచే ఉంటుంది కదా. అరిస్తే దాని నోరు ఎవరు నొక్కారు? నాకు ఆ మనిషి పేరు కావాలి. వాడి ముందు నిలబడి నేను ఒక్కటే అడుగుతాను. ఎందుకు వినలేదని.

శ్యామల


పుణె,
అక్టోబర్.

శ్యామలా,

నీ ప్రశ్నకు జవాబు మొన్నటి ఉత్తరంలోనే రాయాల్సింది. రాయలేక ఆగిపోయాను. నువ్వు తప్పు చదవలేదని చెప్పే సంతోషంలో దాన్ని దాచుకున్నాను.

ఎవరూ దాని నోరు నొక్కలేదు. అది అరవలేదు.

నీకు అర్థమయ్యేలా చెప్పాలని చూస్తాను. కంపైలర్ ఖాళీల వాక్యాన్ని నిజంగానే చదువుతుంది. ఎన్ని ఖాళీలున్నాయో చూస్తుంది, వాటికి ఎన్ని ఇచ్చారో చూస్తుంది. ఒకటి తక్కువైతే అరుస్తుంది. పేరు రావలసిన ఖాళీకి అంకె ఇస్తే అరుస్తుంది. చిన్న అంకెకు వదిలిన చోట పెద్దది ఇచ్చినా ఒప్పుకోదు. కొందరు ఆ పనికి సొంతంగా ఇంకో పనిముట్టు రాసుకుంటారు. అప్పుడు అందులోకి వెళ్లేది ఖాళీల వాక్యమని కంపైలర్‌కు తెలియదు. ‘ఇది కూడా అలాంటిదే, చూడు’ అని ఒక గుర్తు తగిలిస్తే దాన్ని కూడా చూస్తుంది. ఇంగ్లీషు వాక్యానికీ తెలుగు వాక్యానికీ ఖాళీలు ఒకే రకంగా ఉన్నాయా అని పోల్చేది ఇంకొకటి ఉంది.

ఇక్కడ ఇంగ్లీషులో రెండు అంకెల ఖాళీలు. తెలుగులో రెండు అంకెల ఖాళీలు. ఇచ్చినవి రెండు అంకెలు. అన్నీ సరిపోయాయి. గేట్ల సంఖ్య కూడా అంకే, గంట కూడా అంకే. అంకె కావాలన్న చోట అంకె ఉందా అని మాత్రమే అది అడగగలదు. ఏ అంకె అని అడగలేదు. గేటంటే ఏమిటో, సాయంత్రం నాలుగంటే ఏమిటో దానికి తెలియదు.

నీ వాక్యాన్ని నేనే టైప్ చేసి చూశాను. ఉన్న హెచ్చరికలన్నీ ఆన్ చేశాను. ఒక్క మాట రాలేదు. తెర ఖాళీగా ఉండిపోయింది. పక్క సీటు అతను ‘ఏమైంది, తప్పేమీ లేదు కదా’ అన్నాడు. నేను లేచి బయటికి వెళ్లిపోయాను.

ఆ మెసేజ్‌లు పంపే కాంట్రాక్టు కంపెనీ హైదరాబాదులో ఉంది. ఫోటో జతచేసి వాళ్లకూ, ప్రాజెక్టు ఆఫీసర్లకూ రాశాను. ఆ ప్రోగ్రాము రాసింది తాహా అనే అబ్బాయి. ముందు వాళ్ల పైవాళ్లు మాట్లాడారు, ఏమీ ఒప్పుకోలేదు. సాయంత్రం తాహా తనే ఫోన్ చేశాడు. నీకు ఏదీ దాచకుండా చెబుతున్నాను, అతను చెడ్డవాడు కాదు. గుర్తు తగిలించాల్సిన చోటల్లా తగిలించాడు. ఒక్క హెచ్చరికను కూడా తొక్కిపెట్టలేదు. అన్నీ శుభ్రంగా వచ్చాయి కాబట్టే ధైర్యంగా పంపానన్నాడు. అతనికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. తెలుగు చేసిన ఆమెకు వాక్యాలు మాత్రమే ఇచ్చారు, ఆ ఖాళీల్లో ఏ వరసలో ఏం పడతాయో ఎవరూ చెప్పలేదు. పరీక్షించి చూశారట. రెండు గంటలకు రెండు గేట్లు అని పెట్టి చూశారు. బాగానే వచ్చింది.

“మేడమ్, వాళ్ల ఇంట్లోవాళ్లకు నేను ఏం చెప్పాలె?” అని అడిగాడు. 

ఖాళీలకు వరస నంబర్లు ఇచ్చే పద్ధతి ఒకటి ఉంది. ఇక్కడ రెండోది పడాలి, అక్కడ మొదటిది పడాలి అని వాక్యంలోనే రాయవచ్చు. తాహా వెంటనే అలా మార్చాడు. ఇక ముందు గంటల చోట గేట్ల అంకె పడదు. మా వాళ్లతో నేను పోట్లాడాను. నంబర్లు లేకుండా ఒకే రకం ఖాళీలు రెండుంటే, తెలుగులోకి మారే వాక్యమైతే, కంపైలర్ అరవాలని అడిగాను. అలాంటి వాక్యాలు లోకంలో లక్షలు ఉన్నాయి, అన్నిటికీ అరిస్తే జనం విసుగెత్తి అసలు హెచ్చరికలే ఆపేసుకుంటారు అన్నారు. వాళ్లన్నది నిజమే. నిజమని నాకు తెలుసు. అయినా అరిచాను.

నువ్వు ఒక మనిషి పేరు అడిగావు. ఇచ్చి ఉంటే నీకు కొంచెం తేలికయ్యేది. నేను ఎంత వెతికినా అలాంటి మనిషి దొరకలేదు, శ్యామీ. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు.

మానస


జహీరాబాద్,
నవంబర్.

మానసా,

నిన్ను తిట్టలేదు. ఇన్నాళ్లు రాయకపోవడానికి కారణం అది కాదు.

నువ్వు పంపిన కాగితాలతో ఆఫీసర్లు ఊరికి మళ్లీ వచ్చారు. పంచాయతీ దగ్గరే, అప్పుడు కూర్చున్న చోటే కూర్చున్నారు. మెసేజ్‌లో పొరపాటు జరిగిందనీ, చదివినవాళ్ల తప్పు లేదనీ పెద్ద ఆఫీసర్ చెప్పాడు. నా పేరు చెప్పలేదు. ‘చదివినవాళ్లు’ అన్నాడు. తాహా కూడా వచ్చాడు. ఎవరూ రమ్మనలేదట, సెలవు పెట్టుకుని బస్సులో వచ్చాడు. సన్నగా, చిన్నపిల్లాడిలా ఉన్నాడు. అందరూ వెళ్లేదాకా గోడకు ఆనుకుని నిలబడి, తర్వాత నా దగ్గరకు వచ్చాడు.

“అక్కా,” అన్నాడు. 

నేను అతన్ని ఏదో అడగాలనుకున్నాను కదా. అడగలేకపోయాను. “తిన్నవా?” అన్నాను. తల అడ్డంగా ఊపాడు. మహాదేవప్ప వాళ్ల ఇంట్లో జొన్నరొట్టె పెట్టించాను. తింటూ ఏడ్చాడు. నేను నీళ్లు తెచ్చి పెట్టాను. అతని మీద కోపం తెచ్చుకుందామని చూశాను, మానసా. నిజంగా ప్రయత్నించాను. రాలేదు. అందరూ నన్నే తప్పుపట్టినప్పుడు కనీసం నా మీద నాకు కోపం ఉండేది. అది పట్టుకుని పొద్దున లేచేదాన్ని. ఇప్పుడు అది కూడా లేదు. సురేశ్ ఊరికే పోయాడు. అందరూ తమ పని సరిగ్గా చేసిన రోజున పోయాడు.

మరునాడు పొద్దున్నే నారమ్మ బస్సెక్కి షబ్నం వాళ్ల ఇంటికి వచ్చింది. ఒక్కతే ఎప్పుడూ జహీరాబాద్ రాలేదు ఆమె. దారి అడుక్కుంటూ వచ్చిందట. గడప అవతలే నిలబడి, “శ్యామలా, ఇంటికి రా బిడ్డా,” అంది. “నిన్ను అనరాని మాటలన్న. ఊరందరి ముంగట అన్న. ఆ మాట అనకుంటే నాకు ఊపిరి ఆడకపోతుండె. నీ మీద పెట్టినంకనే ఇంత తిన్న, ఇంత పన్న. ఇప్పుడు ఎవరి మీద పెట్టాలె?”

ఇద్దరం గడపకు చెరో పక్క కూర్చుని ఏడ్చాం. షబ్నం ఛాయ్ తెచ్చి మధ్యలో పెట్టి లోపలికి పోయింది.

నేను వెళ్లాను. ఇప్పుడు ఊళ్లోనే ఉంటున్నాను, రోజూ బడికి బస్సులో వచ్చి పోతున్నాను. ఈ ఉత్తరం కూడా బళ్లోనే కూర్చుని రాస్తున్నాను. అత్త నాకు సద్ది కడుతుంది. సాయంత్రం నేను దిగేసరికి బస్సు ఆగే చోట నిలబడి ఉంటుంది. వద్దన్నా వస్తుంది. ఊళ్లో ఆడవాళ్లు మునుపటిలా పలకరిస్తున్నారు, కాగితాలు చదివించుకోవడానికి మళ్లీ వస్తున్నారు. నేను చదువుతాను. అందరూ మంచిగానే ఉన్నారు. ఉన్నారనే నీకు చెప్పాలని రాస్తున్నాను.

కానీ లోపల ఒకటి ఉంది, అది నీకు తప్ప ఎవరికీ చెప్పలేను.

మా అత్త నన్ను నమ్మడానికి మహాదేవప్ప ఫోన్ కావలసి వచ్చింది. ఊరు నమ్మడానికి ఆఫీసర్ రావలసి వచ్చింది. నా కళ్లను నేను నమ్ముకోవడానికే నీ ఉత్తరం కావలసి వచ్చింది. సురేశ్‌కు ఏదీ అక్కర్లేకపోయింది. ఫోన్ నా చేతిలోంచి తీసుకుని ఒకసారి చూసుకోవచ్చు. పక్కింట్లో ఎవరినైనా అడగవచ్చు. ఏదీ చేయలేదు. అరుగు మీద కూర్చుని నేనొక మాట చదివి చెబితే, ఆ మాట పట్టుకుని వానలోకి వెళ్లాడు.

అలా నమ్మే మనిషి నాకు ఇంకొకరు దొరకరు, మానసా. దొరకకూడదు కూడా.

టికెట్ దగ్గరే ఉంచుకున్నానన్నావు. ఇప్పుడు రా.

శ్యామల